గాలివానకు హ్యామక్ మీద పట్ట కట్టడం

మన రాయలసీమ జిల్లాల్లో వాన నిలువుగా పడేది తక్కువ. ముందు దుమ్ము లేస్తుంది, దాని వెనకే గాలి, ఆ వెనక చినుకులు అడ్డంగా వస్తాయి. రామగిరి, నల్లకొండ గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయల, అంటే హ్యామక్‌లో రాత్రి గడపాలనుకునేవాళ్లు పట్టను గాలి కోసం కట్టాలి, వాన సంగతి దానంతటదే తేలుతుంది. పైనుంచి పడే నీళ్లను ఎంత చవక పట్టయినా ఆపుతుంది. మనిషిని ముఖ్యంగా తడిపేవి రెండు: పక్కనుంచి కొట్టే జల్లు, హ్యామక్‌ను చెట్టుకు కట్టే బెల్టు వెంట పారి వచ్చే నీళ్లు.

ముందు కొలతలు. 11 అడుగుల గుడ్డ హ్యామక్‌ను కట్టినప్పుడు దాని రెండు కొసల మధ్య దూరం సుమారు 9 అడుగులు రావాలి. అప్పుడే నడుమ తగినంత లోతు వస్తుంది, కాస్త ఐమూలగా పడుకుంటే వీపు వంగకుండా ఆనుతుంది. పట్ట ఆ 9 అడుగులకు ఒక్కో వైపు కనీసం ఒక అడుగు దాటాలి. అంటే 11 అడుగులు తప్పనిసరి, 12 ఉంటే నిశ్చింత. శనక్కాయ కుప్పల మీద కప్పే 9×12 పట్ట దీనికి సరిపోతుంది. అది సుమారు 10 చదరపు మీటర్లు, జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే అంకె, కాబట్టి 120 జీఎస్‌ఎం రకం 1.2 కిలోలు, 200 జీఎస్‌ఎం రకం 2 కిలోలు తూగుతుంది. మోటారుసైకిల్ మీద పోయేవాళ్లకు 120 చాలు. నడిచి కొండెక్కేవాళ్లకు సిలికాన్ పూత ఉన్న పల్చటి గుడ్డ పట్ట (టార్ప్) మేలు, అదే సైజు అర కిలో చుట్టుపక్కల ఉంటుంది. అందులో నైలాన్ కంటే పాలిస్టర్ మంచిది. నైలాన్ తడిస్తే సాగుతుంది, సాయంత్రం బిగించింది అర్ధరాత్రికి వదులైపోతుంది. 10×10 పట్టను మూల నుంచి మూలకు తాడు వేసి కడితే 14 అడుగుల పొడవు వస్తుంది కానీ తల దగ్గర, కాళ్ల దగ్గర వెడల్పు సన్నబడిపోతుంది. తుంపరకైతే పనికొస్తుంది, గాలివానకు వద్దు.

చెట్ల మధ్య దూరం 14 అడుగులు బాగుంటుంది. 12 అడుగులే ఉంటే పట్ట కొసలు బోదెలకు తగులుతాయి, తాడు బిగించే చోటే ఉండదు. బోదె కనీసం 6 అంగుళాల మందం ఉండాలి. వేప, చింత, కానుగ, మామిడి బాగా పనికొస్తాయి. చీనీ తోట చూడ్డానికి చల్లగా ఉంటుంది కానీ కొమ్మలు కిందనుంచే మొదలవుతాయి, అక్కడ కుదరదు. తుమ్మ చెట్టు కింద పట్టకు చిల్లులు గ్యారంటీ. తల ఎత్తి ఎండుకొమ్మలు చూసుకోండి. నీలగిరి చెట్ల కింద రెండుసార్లు చూసుకోండి. ఎవరి తోటైనా సరే, అడిగి కట్టాలి. నల్లమల, లంకమల, శేషాచలం లాంటి అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. ఎర్రచందనం ఉన్నచోట బ్యాగులో తాళ్లు వేసుకుని దొరికితే హ్యామక్ కథ ఎవరూ నమ్మరు.

ఇప్పుడు దిక్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి వైపు నుంచి వస్తుంది. అక్టోబరు తర్వాత ఈశాన్యం. కాబట్టి రెండు చెట్లూ వాయవ్యం–ఆగ్నేయం గీత మీద ఉన్నవి చూసుకుంటే, పట్ట పొడవు పక్క ఈ రెండు కాలాల్లోనూ గాలికి ఎదురుగా ఉంటుంది. చెట్లు మార్చక్కర్లేదు, ఏ అంచు కిందికి దించాలన్నదే మారుతుంది. ఇది వాస్తు కాదు, గాలి లెక్క. తెరిచి ఉన్న కొస గాలికి ఎదురైతే మాత్రం పట్ట లోపలికి గాలి దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది, దాంతోపాటు జల్లు తల నుంచి కాళ్ల దాకా పోతుంది. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానకు ఈ కాలాల లెక్క చెల్లదు. అప్పుడు మబ్బు కమ్మిన దిక్కు నుంచే మొదటి గాలి కొడుతుంది, అటువైపు అంచు దించాలి. గండికోటలో పెన్న లోయ అంచున గాలి లోయ మలుపును పట్టి తిరుగుతుంది, అక్కడ గుప్పెడు దుమ్ము వదిలి చూసుకోవడమే దారి.

వాన మొదలయ్యాక చేరుకుంటే పట్టనే ముందు కట్టాలి, హ్యామక్ దాని కింద పొడిగా సంచిలోంచి బయటికి రావాలి. అందుకే పట్టను బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోండి.

రెండు చెట్ల మధ్య కట్టి పైన పట్టను పరిచే నడుమ తాడు 3 మిల్లీమీటర్ల పాలిస్టర్‌ది, 10 మీటర్లు. నైలాన్ తాడు కూడా తడిస్తే సాగుతుంది కాబట్టి ఇక్కడా పాలిస్టరే. ఒక కొసను మొదటి చెట్టుకు రెండు చుట్లు తిప్పి ముడేయండి. రెండో చెట్టుకు రెండడుగుల ముందు తాడులో ఒక కన్ను వేసి, కొసను చెట్టు చుట్టూ తిప్పి తెచ్చి ఆ కంట్లో దూర్చి వెనక్కి లాగండి. లారీ మీద లోడు బిగించే పద్ధతే ఇది. బాగా బిగిశాక రెండు జారుముళ్లు వేస్తే పొద్దున ఒక్క లాగుతో ఊడిపోతుంది. తాడు ఎత్తు మామూలు రోజు 6 అడుగుల పైన, గాలివాన వచ్చేట్టుంటే ఐదున్నర. హ్యామక్ బెల్టు 14 అడుగుల దూరానికి చెట్టు మీద 6 అడుగుల ఎత్తులో ఉంటుంది. అప్పుడు కూర్చునే చోటు నేలకు అడుగున్నర పైన, మోకాలి ఎత్తులో వస్తుంది. తాడును ఐదున్నరకు దించినప్పుడు బెల్టూ తాడూ పక్కపక్కగా దాటుకుంటాయి, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా చూడండి.

ఆ తాడు మీద పట్టను పరిచి, రెండు కొసలనూ ప్రూసిక్ ముడితో పట్టించాలి. 2 మిల్లీమీటర్ల తాడు ముక్కను కొసలు కలిపి ముడేసి ఉంగరంలా చేసి, దాన్ని నడుమ తాడు చుట్టూ తన లోంచి తననే మూడుసార్లు దూరిస్తే, చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే పట్టుకుంటుంది. ఈ ముక్క నడుమ తాడు కంటే సన్నగా ఉండాలి, రెండూ ఒకే మందమైతే జారుతుంది. నీలి పట్టలకు కొస అంచు సరిగ్గా నడిమధ్యన ఐలెట్ (తాడు దూర్చే కన్ను) ఉండకపోవచ్చు, ఉన్నా గాలికి మొదట చిరిగేది అదే. దాని బదులు నిమ్మకాయంత గులకరాయిని పట్ట లోపలివైపు పెట్టి, బయటినుంచి మెడ పట్టినట్టు తాడుతో బిగించండి. రాయి నున్నగా ఉండాలి. నాలుగు మూలలకూ ఇదే పద్ధతి వాడితే ఐలెట్ల అవసరమే ఉండదు. కొసలను ఎంత బిగిస్తే అంత మంచిది: నడుమ తాడు దగ్గర పట్ట వదులుగా ఉంటే పక్కలు ఎంత లాగినా గుంట పడుతుంది. ఒక చదరపు మీటరు గుంటలో సెంటీమీటరు లోతు నీళ్లు నిలిస్తే 10 కిలోల బరువు.

గాలి వచ్చే వైపు అంచును నేలకు అడుగున్నర ఎత్తుకు దించండి, అవతలి అంచు మూడడుగుల దగ్గర ఉండొచ్చు. రెండు వైపులా దించేస్తే లోపల ఉక్క, తెల్లారేసరికి ఊపిరి చెమ్మ పట్ట లోపలి నుంచి కారుతుంది. బండ మీద కట్టుకుంటే ఇంకో సంగతి: చినుకు బండ మీద పడి ఎగిరి కింద నుంచి తడుపుతుంది. మట్టి నేల, గడ్డి ఉన్న నేల అయితే ఈ బాధ తక్కువ.

పక్క తాళ్లు నాలుగు, ఒక్కొక్కటి రెండున్నర మీటర్లు. వీటితోనే సగం తంటా, ఎందుకంటే మన నేలలు మేకుకు లొంగవు. ఎర్ర గరుసు నేలలో మేకు నాలుగు అంగుళాలు దిగి రాయికి తగులుతుంది. అక్కడ వేలాడదీసే బరువు మీద కాక రాపిడి మీద ఆధారపడాలి: తాడు కొసకు తలకాయంత రాయి కట్టి, దాని ముందు మనిషి కష్టం మీద దొర్లించేంత పెద్ద రాయి పెట్టి, తాడును పెద్ద రాయి కిందినుంచి పోనివ్వండి. నంద్యాల, ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో మేకు వేసవిలో దిగదు, తడిశాక నిలవదు. అక్కడ అడుగు పొడవు కట్టెను అడుగు లోతున అడ్డంగా పాతి దాని నడుమకు తాడు కట్టి మట్టి తొక్కడం నమ్మకమైన పని. మామూలు నేలలో 9 అంగుళాల మేకును తల బయటివైపుకు వాలేలా కొట్టండి, తాడు దానికి లంబంగా రావాలి.

ప్రతి పక్క తాడు నడుమ జానెడు సైకిల్ ట్యూబు ముక్క కట్టండి. గాలి ఝాడించినప్పుడు దెబ్బ ట్యూబు తింటుంది, మేకూ పట్టా తినవు. పట్ట సాగినా ట్యూబు దాన్ని లాగి పెడుతుంది. దుకాణంలో అమ్మే ఎలాస్టిక్ తాడు కన్నా పంక్చరు షాపులో దొరికే ఈ పాత ట్యూబే నయం.

చేను గట్టున రాతి కూసాలు కనిపిస్తే చాలామందికి హ్యామక్ కట్టాలనిపిస్తుంది. వద్దు. 70 కిలోల మనిషి పడుకుంటే, బెల్టు 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఒక్కో బెల్టు మీద 70 కిలోల లాగు పడుతుంది, అందులో 60 కిలోలు అడ్డంగా. వాలు 15 డిగ్రీలకు తగ్గితే లాగు 135 కిలోలకు పోతుంది. రాయి నిలువు బరువు ఎంతైనా మోస్తుంది, అడ్డం లాగితే పుటుక్కున విరుగుతుంది. అది పడేది మనిషి మీదనే. పట్ట పక్క తాళ్లకు మాత్రం కూసాలను వాడుకోవచ్చు, అంచు కోయకుండా గుడ్డ ముక్క చుట్టి.

బెల్టు నీళ్ల సంగతి. వాన నీళ్లు బోదె మీదుగా బెల్టు ఎక్కి, వాలు వెంట నేరుగా హ్యామక్‌లోకి నడుస్తాయి. పట్ట అంచుకు లోపల, హ్యామక్ కొసకు జానెడు ముందు, నూలు దారం గట్టిగా చుట్టి నాలుగు అంగుళాల తోక వేలాడనివ్వండి. పాత బూటు లేసు చాలు. నీళ్లు దారం పట్టి కిందికి కారిపోతాయి. నైలాన్ పురికొస నూలంతగా నీళ్లు పీల్చదు, సగం దాటిపోతాయి. నడుమ తాడుకు కూడా పట్ట అంచుకు బయట రెండు వైపులా ఇలాంటివే కట్టాలి.

పట్ట పిడుగును ఆపదు. ఒంటరి చెట్టు కింద, గుట్ట నెత్తిన కట్టొద్దు. ఉరుములు దగ్గరికొస్తే వదిలేసి ఇంట్లోకో కారులోకో పోండి. ఎండిన వంక గట్టు నీడగా ఉన్నా వద్దు, మీ నెత్తిన చుక్క పడకున్నా ఎగువ వానకు వంక వస్తుంది. 2021 నవంబరులో చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుని పోయింది కూడా ఎగువన కురిసిన నీళ్లతోనే.

విప్పేటప్పుడు హ్యామక్ ముందు, పట్ట చివర. తడి పట్టను వేరే సంచిలో వేసి, ఇంటికి రాగానే నీడన ఆరబెట్టండి. లోపల పాలీయురేథేన్ (పీయూ) పూత ఉన్న టార్ప్ తడిగా నెలలు మూట కట్టి ఉంటే పూత జిగటగా మారి పొరలుగా ఊడుతుంది. నీలి పట్టను ప్రతిసారీ అదే మడతలో పెట్టకుండా సంచిలో అడ్డదిడ్డంగా కుక్కండి, మడత గీతల మీదే దానికి మొదటి చిల్లులు పడతాయి.