కొండమీద గడ్డి నాట్లు

మా నాన్న తెనాలి దగ్గర వరి రైతు. సివిల్ ఇంజనీర్ని కాబట్టి స్విట్జర్లాండ్‌లో నేను బిల్డింగులో బ్రిడ్జిలో కడుతున్నానని చాలాకాలం అనుకున్నారు. "ఈ వేసవంతా కొండమీద గడ్డి పెళ్లలు తీయించి, మళ్లీ అవే పెళ్లల్ని పెట్టిస్తున్నాను నాన్నా" అని చెప్పిన రోజు ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాట్లన్నమాట" అన్నారు. అంతకంటే సరైన మాట నాకిప్పటికీ దొరకలేదు.

జ్యూరిచ్‌లో మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి మనలాంటి వాళ్లకి ఇచ్చేది ఆరు నెలలు. అయిదో నెలలో ఒక చిన్న కన్సల్టింగ్ ఆఫీసు తీసుకుంది. ఆ టెన్షన్‌లో పని ఎక్కడ, ఏమిటి అని కూడా సరిగా అడగలేదు. పంపింది ఆండర్‌మాట్ అనే కొండ ఊరికి. గోషెనెన్‌లో రైలు మారి, పళ్ల చక్రంతో పట్టాల్ని కరిచి పట్టుకుని ఎక్కే చిన్న రైల్లో షోలెనెన్ లోయ దాటితే, దాదాపు 1,440 మీటర్ల ఎత్తున ఒక్కసారిగా మైదానంలాంటి చోటు వస్తుంది. అదే ఉర్సెరెన్ లోయ.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు గొట్‌హార్డ్ కనుమ దాటే వాళ్లంతా ఇక్కడ ఆగేవాళ్లు. 1882లో రైలు సొరంగం, 1980లో రోడ్డు సొరంగం వచ్చాక జనం కొండ లోపల నుంచే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కూడా ఊరికి జీతాలు తెచ్చింది సైన్యం. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సైన్యమూ తగ్గిపోయింది. అప్పుడు వచ్చాడు సమీహ్ సవీరిస్, ఎర్ర సముద్రం ఒడ్డున ఎల్ గౌనా అనే పట్నాన్ని కట్టిన ఈజిప్టు వ్యాపారి. విదేశీయులు ఇక్కడ తేలిగ్గా ఇళ్లు కొనకుండా లెక్స్ కోల్లర్ అనే చట్టం ఉంది. ఆండర్‌మాట్ ప్రాజెక్టుకి ప్రభుత్వం 2006లో దాని నుంచి మినహాయింపు ఇచ్చింది. మరుసటి ఏడాది ఓటు పెడితే ఊరివాళ్లు 96 శాతం మంది సరేనన్నారు. సైన్యం వాడిన నేల మీద హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, గోల్ఫ్ మైదానం లేచాయి. 2018లో ఒబెరాల్ప్ కనుమ మీదుగా కొత్త లిఫ్టులు వేసి, ఇక్కడి స్కీ వాలుల్ని పక్క లోయలోని సెడ్రున్‌తో కలిపారు. 2022లో అమెరికాకి చెందిన వెయిల్ రిసార్ట్స్ ఆ స్కీ కంపెనీలో 55 శాతం వాటా కొంది.

ఆ 96 శాతం గురించి నేను చాలా ఆలోచించాను. ఎందుకంటే ఇదే ఊరు 1946లో, లోయ మొత్తాన్ని ముంచి డ్యామ్ కట్టాలన్న కంపెనీ ఇంజనీర్‌ని తన్ని తరిమేసిన ఊరు. ముంపు అనే మాటని మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అప్పుడు కాదన్నవాళ్లు ఇప్పుడు ఎందుకు ఔనన్నారు? నాకు అర్థమైనంతలో, డ్యామ్ ఊరిని తీసేస్తుంది, హోటల్ పిల్లల్ని ఊళ్లో ఉంచవచ్చు. ఈ లోయలో మేత బీళ్లు, అడవి ఎక్కువగా ఒక్కరివి కావు. పాత కుటుంబాల వారసులందరి ఉమ్మడి సంఘానివి. కాబట్టి కొండమీద ఎక్కడ గునపం దించినా, అది ఎవరో ఒకరి ఆవులు మేసే చోటే.

నా పని గ్యూట్ష్ వైపు వాలులో, 2,000 మీటర్ల పైన. చలికాలంలో మంచు తక్కువ పడితే యంత్రాలతో తయారుచేస్తారు. దానికి నీళ్లు, గాలి, కరెంటు కొండ మీదకి వెళ్లాలి. అంటే పైపుల కోసం వాలు పొడవునా కందకం తవ్వాలి. కందకం పూడ్చడం కష్టం కాదు. పైన గడ్డి మళ్లీ రావడమే కష్టం. అంత ఎత్తున నేల మంచు లేకుండా ఉండేది మూడు నాలుగు నెలలు. విత్తనం చల్లితే సగం వానకి కొట్టుకుపోతుంది, మొలిచింది చలికి పోతుంది. పోయిన పచ్చిక తనంతట తాను తిరిగి రావాలంటే దశాబ్దాలు పడుతుంది. ఈలోగా మట్టి జారుతుంది.

అందుకే ముందు పచ్చికని వేర్లతో, మట్టితో సహా పెద్ద పెళ్లలుగా తీస్తారు. సాలీడులా కాళ్లు చాపి నిటారు వాలు మీద నిలబడే ఎక్స్‌కవేటర్ ఒకటి ఉంటుంది. పోర్చుగల్ నుంచి వచ్చిన మా మేస్త్రీ దాని బకెట్‌తో పెళ్లని అట్టు తిరగేసినంత నెమ్మదిగా ఎత్తేవాడు. పెళ్లలు ఒక పక్క, పైమట్టి ఒక పక్క, రాళ్ల మట్టి ఇంకో పక్క. పైపు వేశాక అదే వరసలో వెనక్కి. పెళ్ల పచ్చగా, తడిగా ఉండగానే తన చోటికి చేరాలి. నా ఉద్యోగం ఇదంతా చూడటం, కొలవడం, రాయడం.

మొదటి వేసవిలోనే తప్పు చేశాను. ఒక శుక్రవారం సాయంత్రం ఎనిమిది మీటర్ల మేర పెళ్లలు బయటే మిగిలాయి. తడిపి, కప్పి వెళ్లమని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఫ్యోన్ వీచింది. దక్షిణం నుంచి కొండ దిగి వచ్చే వెచ్చటి పొడిగాలికి ఇక్కడి పేరు అది. సోమవారం వచ్చేసరికి పెళ్లల అంచులు బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి. మేస్త్రీ ఏమీ అనలేదు. ఒక ముక్క తీసి నా ముందు వేళ్లతో నలిపాడు. పొడిపొడిగా రాలిపోయింది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు. తొమ్మిదింటికి అందరూ బ్రెడ్డూ చీజూ తినే త్స్నూని విరామంలో నాకు ముద్ద దిగలేదు. రిపోర్టులో తప్పు నాదేనని రాశాను.

ఆ రాత్రి నాన్నకి చెప్పాను. "నారు పీకాక కట్టలు గట్టు మీద ఎండలో వదిలేస్తామా అమ్మా? నీళ్లలో పెడతాం కదా. నువ్వు చిన్నప్పటి నుంచి చూసిందే" అన్నారు. నిజమే, చూసిందే. కాలవ నీళ్లలో కట్టలు నిలబెట్టే పని నాకే అప్పజెప్పేవారు. చదువుల్లో పడి మర్చిపోయాను.

ఊరి పైన కనిపించే చిన్న అడవిని చూపించింది అక్కడ ఆవులు కాసే ఒక పెద్దాయన. ఆ చెట్లు నరక్కూడదని 1397లోనే ఊరివాళ్లు కట్టడి రాసుకున్నారట. కొండ మీద నుంచి విరుచుకుపడే మంచు చరియల్ని ఆపేది ఆ చెట్లే. అడవి ఉన్నా 1951 జనవరిలో ఊళ్లో 13 మంది మంచు చరియల కింద చనిపోయారు. "మీ పైపు మీద గడ్డి వస్తుందా?" అని ఆయన అడిగారు. యాసలో అడిగితే నాకు అర్థం కాదని, పుస్తకాల జర్మన్‌లో నెమ్మదిగా అడిగారు. వస్తుందని నేను గట్టిగా చెప్పలేకపోయాను.

మరుసటి జూన్‌లో మంచు కరగగానే ఎక్కాను. కందకం ఎక్కడ తవ్వామో చాలాచోట్ల వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ఎనిమిది మీటర్లు మాత్రం దూరం నుంచే గోధుమరంగులో కనిపించాయి. వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. "లాగి చూడు, వేరు పట్టిందేమో" అన్నారు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పెళ్లనీ అంచు పట్టుకుని మెల్లగా లాగాను. మూడు చేతిలోకి వచ్చేశాయి. నాలుగోది కదల్లేదు.