పూలజడ బాకీ

మన బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి చేసింది మన క్లాసు ప్రతినిధి, అదే మన సీఆర్ అని గొంతు వినగానే తెలిసింది. "ఒక్క పేజీ చాలు, ఏడిపించకు" అంది. సరే. 2001లో చేరాం, 2004లో బయటపడ్డాం. మధ్యలో ఏం చదివామంటే నాకు గుర్తున్నది ఫైనలియర్ ఫ్యాషన్ షో ఒక్కటే. డ్రాఫ్టింగ్ రికార్డులూ, ఉప్మా ఆదివారాలూ వేరేవాళ్ళు రాస్తారులెండి.

కుట్టే పని మీరంతా పంచుకుని, "నీకు జడలు బాగా వచ్చుగా" అని ఎనిమిది మంది జూనియర్ల తలలు నాకు అప్పగించారు. పొంగిపోయాను. బీసెంట్ రోడ్డులో పిన్నులు, సవరాలు, జడగంటలు, ఓ కర్లింగ్ రాడ్డు కొనుక్కొచ్చి, ఎనిమిది రకాలు చార్టు మీద గీసి టేపు మేడం ముందు పరిచాను. మేడం మెడలో టేపు సర్దుకుని, "బట్టలేవీ?" అన్నారు.

"వాళ్ళు కుడుతున్నారు మేడం."

"మరి ఏ తల కింద ఏ బట్ట వస్తుందో తెలియకుండానే గీశావా?"

నా చదువు ఆ రోజు మొదలైంది. పెడన కలంకారీ రౌండుకి నేను గీసిన ఉంగరాల జుట్టంతా కొట్టేశారు. టేకు అచ్చులతో తీగలూ ఆకులూ నిండా అద్దిన గుడ్డ అది. బట్ట మాట్లాడుతుంటే తల ఊరుకోవాలట. నడిపాపిడి తీసి, నున్నగా దువ్వి, వెనక ముడి. మంగళగిరి రౌండుకి మాత్రం నా ఇష్టానికి వదిలేశారు. గుడ్డ ఒంట్లో బుటా లేదు, ఉన్నదంతా నిజాం అనే నేత అంచే, కాబట్టి జడలో ఎంత సింగారమైనా చెల్లుతుంది.

కానీ ఆ ఎనిమిది మందే రెండు రౌండ్లూ నడవాలి. మధ్యలో మూడు నిమిషాలు. అందుకని ముందే జడ అల్లి, దాన్నే చుట్టి ముడి పెట్టాం. రెండు పిన్నులు లాగితే జడ జారుతుంది, గంటలు తగిలించి పంపేయడమే. తలమీంచి వేసుకునే జాకెట్లు కుట్టొద్దని మీకు కబురు పెట్టింది కూడా అందుకే. అప్పుడు మీరు నన్నెలా తిట్టుకున్నారో నాకు తెలుసు.

"అద్దంలో చూసి మురిసిపోకు, పోయి చివరి బెంచీలో కూర్చో" అనేవారు మేడం. అక్కడి నుంచి చూస్తే నేను గంటసేపు సర్దిన పాయలేవీ కనిపించవు. తల, మెడ, భుజం, అంతే. మెడకి ఆనుకుని అడ్డంగా ఉండే బోట్ నెక్ వేసుకున్న పిల్లకి ముడి కిందికి దిగితే మెడే మాయమైంది. రెండంగుళాలు పైకి జరిపాను, పిల్ల పొడుగైంది.

ఇక ఆ ఎనిమిది మందిలో మనం జిరాఫీ అని పిలిచే పిల్ల. అందరికంటే చివర నడవాల్సింది తనే. తెల్ల మంగళగిరి, నడుము దాకా పూలజడ. మల్లెమొగ్గలు, మధ్యలో కనకాంబరాలు. డబ్బు ముందే కట్టేశాను. షో మూడు రోజుల్లో ఉందనగా తిరుమల నుంచి గుండుతో, గుండు మీద చందనంతో దిగింది. "మొక్కు అక్కా, అమ్మ వాయిదా వెయ్యనివ్వలేదు" అంది. ఆ రోజు ల్యాబులో ఎవరు నవ్వారో, ఎవరు ఏడ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. ఏడ్చింది నేనే. విగ్గు కోసం ఊరంతా తిరుగుతానన్నాను. మేడం ఆ పిల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఎంత చక్కటి మెడ! చందనం కడిగేసి రామ్మా" అన్నారు. చెవులకి బుట్టలు పెట్టనిచ్చారు. ఇంకేమీ పెట్టనివ్వలేదు.

ముందు వరుసలో ఎవరో "అయ్యో" అనడం తెర వెనక మా దాకా వినిపించింది. జిరాఫీ చివరిదాకా నడిచి వెనక్కి తిరిగింది. మన చిట్టి కుట్టిన జాకెట్టు వెన్ను మీద నిలువుగా వేసిన నిజాం అంచు మొత్తం కనిపించింది. నా పూలజడ ఉంటే ఆ అంచు దాని కింద దాగిపోయేది. నెల రోజులు నా పక్కనే కూర్చుని కుట్టి కూడా చిట్టి ఒక్క మాట అనలేదు. అంత మొహమాటం ఏమిటే నీకు?

ఇప్పుడు నాది ఇదే పని. మాఘమాసం వచ్చిందంటే తెల్లవారుజామున మూడింటికి లేచి పెళ్ళికూతుళ్ళకి జడలు వేస్తాను. నా దగ్గర ఐదుగురు అమ్మాయిలు పనిచేస్తున్నారు. కిందటేడాది హైదరాబాద్‌లో ఒక చేనేత షోకి 32 తలలు మాకు అప్పగించారు. ముందు బట్టలు చూపించమన్నాను. ఆ డిజైనర్ కుర్రాడు వింతగా చూశాడు. రిహార్సల్లో నేను చివరి వరుసకి వెళ్ళి కూర్చుంటే ఇంకా వింతగా చూశాడు. షో అయ్యాక తర్వాతి రెండింటికీ నా డేట్లు అడిగాడు. కాస్త గర్వంగానే ఉంది, మీ దగ్గర దాచేదేముంది.

జిరాఫీ వస్తోందా? ఆ ఫొటో తన దగ్గరే ఉందని విన్నాను, తెమ్మని చెప్పండి.

అన్నట్టు, ఆ పూలజడ ఖరీదు 350 రూపాయలు. ఫండులోంచి ఇస్తానన్న సీఆర్ ఇంతవరకూ ఇవ్వలేదు. అది ఆ రాత్రి ఎవరి తల మీద హాస్టలంతా తిరిగిందో తనకీ తెలుసు, నాకూ తెలుసు. వడ్డీ అడగనులే.