బాప్తిస్మపు తొట్టిలో చెయ్యి ఎక్కడ వేయాలి

హన్మకొండలో బాప్టిస్టు మిషన్ మొదలైంది 1879లో. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల చాలా సంఘాల్లో బాప్తిస్మం నీళ్లలో ముంచి ఇవ్వడమే అలవాటు. అయ్యగారు, అంటే పాస్టరు, పక్కన నిలబడి, ఒక చేత్తో బాప్తిస్మం తీసుకునేవారి రెండు మణికట్లూ రొమ్ము దగ్గర పట్టుకుని, ఇంకో చెయ్యి మెడ వెనక వేసి, వెల్లకిలా ముంచి లేపుతారు. అంతా రెండు సెకన్ల పని. కానీ గొంతు పట్టుకుని గోడకు అదిమిన మొగుడి దగ్గర్నుంచి వచ్చినామెకు ఆ రెండు సెకన్లూ వేరు. చేతులు కదలవు, మెడ మీద మగచెయ్యి, ఊపిరాడదు. గింజుకుంటుంది, కాలు జారుతుంది, ముక్కులోకి నీళ్లు పోతాయి. గట్టు మీద ఎవరో దయ్యం వదులుతోందని గట్టిగా ప్రార్థన అందుకుంటారు. అంతకు మించిన హాని ఇంకోటి లేదు.

మార్చాల్సింది కొంచెమే. ఆమె చేతులు ఎవరూ పట్టుకోవద్దు. ఒక చేత్తో దస్తీ పెట్టి తన ముక్కు తనే మూసుకోవాలి, రెండో చేత్తో అయ్యగారి ముంజేతిని తనే పట్టుకోవాలి. ఆయన చెయ్యి మెడ మీద కాదు, రెండు భుజాల మధ్య వీపు మీద ఉండాలి. అదీ వద్దంటే నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని తనంతట తనే ముందుకు వంగి మునగొచ్చు, అయ్యగారు మాటలు పలికితే చాలు. చేతి మీద రెండుసార్లు తడితే వెంటనే లేపాలన్న గురుతు ముందే అనుకోవాలి. ముందురోజు పొడి తొట్టిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి చేసి చూపించాలి. ఆమె నమ్మిన ఒక సిస్టరమ్మ నీళ్లలోనే, ఆమెకు కనబడే వైపు నిలబడాలి. మహిళా పాస్టరు ఉన్న సంఘమైతే ఎవరి చేతుల మీదుగా కావాలో ఆమెనే అడగాలి.

ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టిలో మూడడుగుల నీళ్లంటే దాదాపు 2,400 లీటర్లు, అయిదువేల లీటర్ల ట్యాంకరులో సగం. చలికాలంలో బోరు నీళ్లు పొద్దున్నే నింపి ఎండ తగలనివ్వండి. చెరువైతే జాగ్రత్త: పూడిక తీసిన చెరువుల్లో అడుగున గుంతలుంటాయి, మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగుకే నిలువు లోతు. కాకతీయ కాలువలో అసలు వద్దు. సిమెంటు వాలు నాచు పట్టి ఉంటుంది, జారితే పట్టు దొరకదు.

అన్నిటికంటే మరిచిపోయేది చెవి. చెంపదెబ్బలకు కర్ణభేరి చిల్లుపడటం కొత్తేం కాదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ చిల్లులోంచి చల్లనీళ్లు లోపలికి పోతే తల గిర్రున తిరుగుతుంది, తర్వాత చీము పడుతుంది. వినికిడి తగ్గినా, చెవి కారుతున్నా ఈఎన్‌టీ డాక్టరు చూసేదాకా ముంచొద్దు. మానని కుట్లున్నా, ఫిట్స్ వస్తున్నా అంతే. ఆగలేకపోతే తల మీద పోయండి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుళ్లలో అలా ఇచ్చే పద్ధతి ఉంది. దిదకే అనే తొలినాటి సంఘ నియమాల పుస్తకంలోనూ నీళ్లు చాలనప్పుడు తల మీద మూడుసార్లు పోయమనే ఉంది.

తెల్లచీర అందంగానే ఉంటుంది, తడిస్తే ఒంటికి అతుక్కుని అంతా కనబడుతుంది. ముదురు రంగు పంజాబీ డ్రెస్సు, చున్నీకి పిన్నులు. నెలసరి అని వెనక్కి పంపొద్దు.

ఇక బాప్తిస్మానికి ముందు చెప్పే క్లాసులు. పాపాలు ఒప్పుకోమనగానే దెబ్బలు తినడం కూడా తన పాపమే అనుకునేవాళ్లుంటారు. వాళ్లతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాలి. సాక్ష్యం పేరుతో ఇంట్లో జరిగిందంతా మైకులో చెప్పించొద్దు. క్షమించడం వేరు, మళ్లీ అదే ఇంటికి పోవడం వేరు. బాప్తిస్మం తీసుకున్నావు కదా, ఇక సర్దుకుపో అనే పెద్దల్ని నోరు మూయించాల్సింది పాస్టరే. అన్నం, వసతి ఇస్తున్నవాళ్లే బాప్తిస్మానికి తేదీ పెట్టడం నాకు నచ్చదు. వద్దని చెప్పే దారి ఆమెకు ఉండదు.

కాగితాల సంగతి చెప్పకుండా ముంచడం అన్యాయం. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయితే, మతం మారడం భర్తకు విడాకుల కారణం అవుతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కింద వేరుగా ఉండి మనోవర్తి అడిగే హక్కు పోతుంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం పిల్లలకు సహజ సంరక్షకురాలి హోదాకూ చిక్కే. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద మనోవర్తికి, 2005 గృహహింస చట్టం కింద రక్షణకు మతంతో పని లేదు. ఎస్సీ అయితే ఆ హోదా పోయి బీసీ-సీ కిందికి వస్తుంది, అట్రాసిటీ చట్టం అండ కూడా ఉండదు. లంబాడ, కోయ వాళ్లకు ఎస్టీ హోదా మారదు. కేసు నడుస్తుంటే ముందు వకీలును అడగాలి, మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి సెంటరులో ఉచితంగానే చెబుతారు. మహిళా హెల్ప్‌లైన్ ఫోను 181. నీళ్లు ఆర్నెల్ల తర్వాతైనా ఉంటాయి.

పుస్తెలు, మట్టెలు తీయమని బలవంతం వద్దు. రేపు కోర్టులో భర్త తరఫు వకీలు, పెళ్లిని తనే వదిలేసుకుందని దాన్నే చూపిస్తాడు. కొత్త పేరు పెట్టుకున్నా సంఘంలో పిలుచుకోవడానికే. ఆధార్, రేషన్ కార్డు, మహిళా సంఘం అప్పు, కేసు కాగితాలన్నీ పాత పేరుతోనే ఉంటాయి.

ఫొటోలు వద్దు, లైవ్ అసలే వద్దు. ఒక్క వాట్సాప్ స్టేటస్ చాలు, ఆమె ఎక్కడుందో సాయంత్రానికి అత్తగారింటికి తెలిసిపోతుంది. బాప్తిస్మం సర్టిఫికెట్లో ఆమె తలదాచుకున్న షెల్టరు చిరునామా రాయకుండా సంఘం చిరునామా రాయండి.

నీళ్లలోంచి వచ్చినామెకు తువ్వాల, పొడి బట్టలు, వేడి చాయ్ సిద్ధంగా ఉండాలి. బట్టలు మార్చుకునే గదికి గడియ లోపలి వైపు ఉందో లేదో ముందే చూసుకోండి. బయటి గొళ్లెం ఉంటే అది ఊడదీసేయండి.