మైసెన్‌లో పొడుం డబ్బాల కోసం

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎస్1 లోకల్ రైలు ఎక్కితే ముప్పావు గంట లోపే మైసెన్ ఊరు. ఎల్బే నది పక్కన కొండ మీద ఆల్‌బ్రెష్ట్స్‌బుర్గ్ కోట. 1710లో యూరప్‌లోని మొదటి అసలైన పింగాణీ కార్ఖానా పెట్టింది ఆ కోటలోనే. బంగారం చేస్తానన్న రసవాది బోట్గర్‌ని సాక్సనీ పాలకుడు ఆగస్టస్ నిర్బంధించి పని చేయించాడు. బంగారం రాలేదు గానీ, అప్పటిదాకా చైనా, జపాన్‌ల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్న తెల్ల పింగాణీ గుట్టు దొరికింది.

కార్ఖానా ఇప్పుడు ఊళ్లోనే, ట్రీబిష్ లోయలో ఉంది. మ్యూజియం కూడా అక్కడే. జనమంతా పెద్ద పెద్ద బొమ్మల ముందు ఆగుతున్నారు. నేను మాత్రం చిన్న డబ్బాల కోసమే వెళ్లాను. ముక్కుపొడుం డబ్బాలు, సూదీ కత్తెరా పెట్టుకునే సన్నటి పొడుగాటి డబ్బీలు. మన తాతలు రొంటిన దోపుకున్న పొడుంకాయ పనే ఇదీ చేసింది, కాకపోతే రాజుల కొలువులో.

ఒకదాని దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అరచేతిలో ఇమిడిపోతుంది. చుట్టూ రేవు దృశ్యం: పీపాలు, తెరచాపలు, బేరమాడుతున్న వర్తకులు. ఒక్కో మనిషి బియ్యపు గింజంత, అయినా టోపీ అంచు కూడా తెలుస్తోంది. మూత తెరిచి పెట్టారు. లోపలి బొమ్మ బయటి దానికన్నా ఇంకా నాజూకు! చిటికెడు పొడుం తీసుకొమ్మని పక్కవాడికి అందించినప్పుడే అది కనబడుతుంది. దగ్గరివాళ్ల కోసమే గీసిన బొమ్మ అన్నమాట. పెద్ద కూజాల కన్నా పనితనం ఇక్కడే ఎక్కువని నాకు గట్టిగా అనిపించింది.

పక్కనే పని చేసి చూపించే వర్క్‌షాప్ ఉంది. పచ్చి మట్టి బట్టీలో కాలి దాదాపు ఆరో వంతు కుదించుకుపోతుందట. మూత, అడుగు ఒకేలా కుదించుకోకపోతే అతకవు. ఇంత చిన్న డబ్బాలో వెంట్రుకవాసి తేడా వచ్చినా దొరికిపోతుంది. నల్లగా పూసిన కోబాల్ట్ రంగు, 1400 డిగ్రీల దాకా కాలాక నీలంగా తేలుతుంది. ఇక మడతబందు పింగాణీతో కుదిరేది కాదు. అందుకే అంచుకి బంగారమో వెండో తొడిగే పని కంసాలిది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి. కోట, కార్ఖానా రెండూ చూడాలంటే ఒక పూట చాలదు. నడుమ మార్కెట్ చౌక్‌లో ఫ్రౌయెన్‌కిర్హె చర్చి దగ్గర ఆగండి. దాని గోపురంలో 37 పింగాణీ గంటలున్నాయి, 1929 నుంచీ మోగుతున్నాయి.