కొనని కారులో స్టేషన్ దాకా

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ నుంచి క్రూ అనే ఊరికి రైల్లో గంటంబావు ప్రయాణం. టికెట్టు ధర చూస్తే ఆ డబ్బుతో విజయవాడ నుంచి హైదరాబాదుకి నాలుగుసార్లు తిరగొచ్చనిపించింది. అంత పోసి కొన్నాక కూడా కూర్చోడానికి చోటు దొరకలేదు. స్టాఫర్డ్ దాకా బాత్రూం తలుపు పక్కన నిలబడే వెళ్లాను. జేబులో టార్చి, పాత తువ్వాలు, ఫ్రిజ్ మీంచి పీక్కొచ్చిన తిరుపతి వెంకన్న మాగ్నెట్. అది తెచ్చిన సంగతి మా ఆవిడకి తెలీదు.

పని ఏమిటంటే 1975 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో ఒకటి అమ్మకానికుంది, చూసి రావాలి. అడుగుతున్నది పద్నాలుగు వేల ఐదొందల పౌండ్లు. ఇక్కడ ఒక మామూలు కొత్త కారుకే అంతకంటే ఎక్కువ అవుతుంది. 'రోల్స్ రాయిస్ అంత చవకా!' అని నోరు తెరిచేవాళ్లకి ఒక్కటే మాట: చవకైన రోల్స్ రాయిస్ అనేది లేదు. కొన్నప్పుడు ఇవ్వని డబ్బు తర్వాత ఇస్తాం, అంతే తేడా.

ఈ పిచ్చి నాకు మా మావయ్య అంటించాడు. బెజవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లు కొని, బాగుచేసి, అమ్మేవాడు. బండి చూడ్డానికి వెళ్తే నన్నూ తీసుకెళ్లేవాడు. వెళ్లగానే యజమానితో ఒక్క మాటైనా మాట్లాడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉంటే, "ముందే స్టార్ట్ చేసి పెట్టాడ్రా, ఏదో దాస్తన్నాడు" అని వెనక్కి తిరిగేసేవాడు. కొన్నేళ్ల కిందట సెలవులకి వచ్చినప్పుడు ఆయన్ని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లాను. అక్కడ నిజాంల 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది కదా. అందరూ వెనకున్న సింహాసనంలాంటి సీటు చూస్తుంటే ఈయన వంగి కింద తుప్పుందేమోనని తొంగి చూస్తున్నాడు. గార్డు కేకేశాడు.

క్రూలో దిగగానే గమ్మత్తుగా అనిపించింది. సిల్వర్ షాడోలు పుట్టింది ఈ ఊళ్లోనే, పిమ్స్ లేన్ ఫ్యాక్టరీలో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు విమానాల ఇంజన్ల కోసం కట్టారు, 1946 నుంచి కార్లు చేశారు. 1998లో అమ్మకం జరిగినప్పుడు ఫ్యాక్టరీ, బెంట్లీ పేరు ఫోక్స్‌వ్యాగన్‌కి, రోల్స్ రాయిస్ పేరు బీఎండబ్ల్యూకి వెళ్లాయి. అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లు ఒకడికి, ఇంటిపేరు ఇంకొకడికి వచ్చినట్టు. ఇప్పుడిక్కడ బెంట్లీలే.

అమ్మే పెద్దాయన ఊరు నాంట్‌విచ్ దాటాక ఆడ్లెమ్ వైపు. బస్సు అప్పుడే వెళ్లిపోయింది, టాక్సీ తప్పలేదు. మీటరు వైపు చూడకుండా పొలాల్లో ఆవుల్ని చూస్తూ కూర్చున్నాను.

గేటు తీసేసరికి కారు గులకరాళ్ల మీద నిలబడి ఉంది. ముదురు గోధుమ రంగు, ముందు గుడిగోపురంలాంటి గ్రిల్లు, దాని మీద రెక్కలు చాచిన బొమ్మ. నిజం చెప్పాలంటే కాళ్లు కొంచెం వణికాయి. దగ్గరికెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడి!

ఫోనులో రెండుసార్లు చెప్పాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. పెద్దాయన ముఖంలో దొంగతనమేమీ లేదు. "నువ్వొచ్చేసరికి రెడీగా ఉండాలని వేడి చేసి పెట్టా" అన్నాడు మర్యాదగా. మావయ్య అయితే అక్కడ్నించే టాక్సీని వెనక్కి పిలిచేవాడు. నాకు అంత ధైర్యం లేదు, పైగా టాక్సీకి డబ్బులూ లేవు. కాస్త చల్లారనిద్దాం అన్నాను. అయితే టీ తాగుదాం అన్నాడాయన. ఆ సైజు ఇంజను రెండు గంటల్లో పూర్తిగా చల్లారదని నాకూ తెలుసు, కానీ ఆ రెండు గంటలే ఆ రోజు నాకు పనికొచ్చాయి. ఎందుకంటే టీతో పాటు బిల్లుల పెట్టె వచ్చింది.

అది చెప్పుల పెట్టె. అందులో నలభై ఏళ్ల బిల్లులు. కొన్ని కార్బన్ కాయితం మీద, కొన్నిటి మీద టీ మరకలు. ఒక్కొక్కటీ చదువుతుంటే కారు కంటే దాని యజమానులే ఎక్కువ కనపడ్డారు. ఒకడు ఏడాదికి రెండుసార్లు సర్వీసింగ్ చేయించాడు. తర్వాతివాడు ఆరేళ్లు ఏమీ చేయించలేదు. బ్రేకుల పనికి 2003లో పెద్ద బిల్లు ఉంది. 2006లో ఇంకొకటి. ఆ తర్వాత టైర్లు, బ్యాటరీలు, పాలిష్. అంతే.

రాకముందే ప్రభుత్వం వాళ్ల సైటులో బండి నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర, అంటే ఏటా చేసే బండి తనిఖీల చిట్టా, చూశాను. అది ఉచితం, 2005 నుంచి కనపడుతుంది. 2008కీ 2017కీ మధ్య ఈ కారు తిరిగింది రెండు వేల మైళ్లు. నడవని బండి బాగుంటుందనుకుంటారు మనవాళ్లు. ఉల్టా. నిలబెట్టిన బండిలో రబ్బరు సీళ్లు ఎండుతాయి, బ్రేకు ఆయిలు తేమ పీల్చుకుంటుంది. చివరి పరీక్షలో 'కింద తుప్పు' అని రాశారు కూడా. 2018లో రూలు మారి నలభై ఏళ్లు దాటిన బండ్లకి ఆ పరీక్ష అక్కర్లేదన్నారు. దాంతో దీని కిందకి తలపెట్టి చూసినవాడు ఆ తర్వాత లేడు.

ఊరికే కూర్చోలేక బిల్లులన్నీ ఫోన్లో కూడాను. ముప్పై ఒక్క వేల చిల్లర. పెద్దాయన కప్పు కింద పెట్టి, "కూడకూడదయ్యా, నేనెప్పుడూ కూడలేదు" అన్నాడు.

బయటికొచ్చి తువ్వాలు పరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. తడి గులకరాళ్లు. మాగ్నెట్ ఇనుముకి అతుక్కుంటుంది, తుప్పుని కప్పిన పుట్టీకి అతుక్కోదు. దాన్ని రుమాల్లో చుట్టి ముందు డోరుకి ఆనించా, జారి కింద పడింది. ఇంకో డోరుకి పెట్టా, మళ్లీ పడింది. డోర్లన్నీ పుట్టీయేనా అని గుండె ఝల్లుమంది. పెద్దాయన నవ్వాపుకుంటూ చెప్పాడు: డోర్లు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. మిగతా ఒళ్లంతా ఇనుము. నాకు తెలియాల్సిన సంగతే, కంగారులో మర్చిపోయాను. మడ్‌గార్డుకి పెడితే టక్కున అతుక్కుంది. ముందు చక్రం వెనక, కిందవైపు, కొంచెం బలహీనంగా అతుక్కుంది. వెనక చక్రం పైన అరచెయ్యంత మేర అస్సలు పట్టుకోలేదు. అక్కడ రంగు నిగనిగలాడుతోంది, తట్టి చూస్తే మాత్రం చెక్కని తట్టినట్టు మొద్దుగా మోగింది. పుట్టీ.

"ఆ బొమ్మలో ఉన్నదెవరు?" అనడిగాడాయన. మా ఊరి దేవుడు అన్నాను. ప్రపంచంలో బాగా ఎక్కువ కానుకలు వచ్చే దేవుళ్లలో ఆయనొకడని కూడా చెప్పాను. పెద్దాయన కారు వైపు, దేవుడి వైపు చూసి, "అయితే ఈ బండికి సరైన యజమాని ఆయనే" అన్నాడు.

డోర్ల కింద సిల్స్ మీద టార్చి వేశాను. వేలితో నొక్కితే ఒకచోట పెచ్చు ఊడి వేలికే అంటుకుంది. ఇంజను దిమ్మ అల్యూమినియం, లోపల ఇనుప లైనర్లు, అంటే పిస్టన్లు తిరిగే గొట్టాలు. ఇంజన్ని చల్లబరిచే కూలెంటు మార్చకపోతే లైనర్ల కింద సీళ్లు పోయి, దిమ్మ పక్కనున్న చిన్న చిన్న కన్నాల్లోంచి నీళ్లు కారతాయి. అవి పొడిగా ఉన్నాయి. ఆ ఒక్కచోట హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అసలు పరీక్ష బ్రేకులది. సిట్రోయెన్ దగ్గర హక్కులు కొనుక్కుని పెట్టిన హైడ్రాలిక్ పద్ధతి ఇది. ఇంజనుతో తిరిగే రెండు పంపులు, ఒత్తిడిని దాచిపెట్టే రెండు గుండ్రటి డబ్బాలు, అవే అక్యుములేటర్లు. ఇంజను కాసేపు నడిపి ఆపాలి. తర్వాత తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా బ్రేకు నొక్కుతూ లెక్కపెట్టాలి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలు ఎన్నో నొక్కుకి వెలుగుతాయోనని. ముప్పై దాటితే సంతోషం. పది దగ్గరే వెలిగితే డబ్బాలు విప్పాల్సిందే.

తోలు సీట్లో కూర్చున్నాను. పాత పుస్తకాల బీరువా తెరిచినప్పటి వాసన. ఎదురుగా వాల్‌నట్ చెక్క, ఒక మూల వార్నిష్ సన్నగా చిట్లింది. ఒకటి, రెండు అని తెలుగులో పైకే లెక్కపెట్టాను. ఎనిమిది. తొమ్మిది. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి నా పెదాల్నే చూస్తున్నాడు. భాష రాకపోయినా లెక్క అర్థమవుతోందాయనకి. పదకొండుకి ఒక దీపం. పద్నాలుగుకి రెండోది. ఇద్దరం కాసేపు దీపాలవైపే చూశాం.

ఇంటి వెనక్కి వెళ్లి మావయ్యకి వీడియో కాల్ చేశాను.

"బానెట్?"

"వేడిగా ఉంది మావయ్యా."

"ఇంకా అక్కడేం చేస్తన్నావురా అల్లుడూ?"

పుట్టీ, సిల్స్, దీపాలు అన్నీ చెప్పాను. "లీటరుకి ఎంతిస్తది?" అన్నాడు. నాలుగు కిలోమీటర్లన్నాను. "మన లారీ నయం" అని పెట్టేశాడు.

పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. బ్రేకులు, వెల్డింగు కలిపితే కారు ధరలో సగం దాటుతుందని, నా వల్ల కాదని. తగ్గించమని అడగలేదు. అడిగితే తగ్గిస్తాడేమో, తగ్గిస్తే కొనేస్తానేమో అని భయం. ఆయన కోప్పడలేదు, బతిమాలలేదు. బిల్లుల్ని వరసగా సర్ది పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాచీ చూసుకుని, "ఈ వేళప్పుడు నీకు బస్సు లేదు, నేను దింపుతా" అన్నాడు. దేంట్లోనో వేరే చెప్పక్కర్లేదు.

అంతకంటే ఇబ్బందైన ప్రయాణం నేను చెయ్యలేదు. వద్దన్న పెళ్లిసంబంధం వాళ్లు పట్టుబట్టి భోజనం పెట్టి పంపుతున్నట్టుంది. ఆయన ఒక వేలితో స్టీరింగు తిప్పుతున్నాడు. గేరు ఎప్పుడు మారుతోందో తెలీట్లేదు. రెండు టన్నుల పైచిలుకు బరువు, గోదాట్లో లాంచీలా మెల్లగా ఊగుతూ పోతోంది. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు. ఒక చిన్నపిల్ల చెయ్యి ఊపింది, నేనూ ఊపేశాను, నాదే అన్నట్టు.

నాంట్‌విచ్ రైల్వే గేటు దగ్గర బళ్లు వరసగా ఆగున్నాయి. ఆయన బ్రేకు వేస్తూ, వదులుతూ, మళ్లీ వేశాడు. ఒక దీపం మిణుక్కుమని ఆరిపోయింది. ఇద్దరం చూశాం. నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. ఆయన గొంతు సవరించుకుని రేడియో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి రాత్రి పది. వంటింట్లో కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇక్కడి ఇంటిపన్ను, కాయితం నేల మీద పడి ఉంది. మా ఆవిడ ఖాళీ ఫ్రిజ్ తలుపు ముందు నిలబడి, "ఇక్కడ స్వామి ఉండాలి, ఏడీ?" అంది. జేబులన్నీ తడుముకున్నాను. టార్చి ఉంది, తువ్వాలుంది. డిక్కీ అడుగున ఇనుము ఎలా ఉందో చూద్దామని అక్కడ అతికించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.