సుప్రీంకోర్టు విననే వినని కేసులు

సుప్రీంకోర్టు తీర్పుల గురించి మాట్లాడేవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. కేశవానంద భారతి కేసులో 1973లో ఏం తేలిందో గ్రూప్స్‌కి చదివే ప్రతి పిల్లాడూ చెప్తాడు. తిరుపతిలో అయితే మిరాశీ కేసు గురించి టీ కొట్టు దగ్గర నిలబడ్డ పెద్దాయన కూడా చెప్పగలడు, 1987 చట్టం వంశపారంపర్య హక్కులు తీసేయడం, అర్చకులు ఢిల్లీ దాకా వెళ్ళడం, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందనేయడం, అంతా ఇంటి సంగతిలాగే తెలుసు. నాకు మాత్రం ఎప్పట్నుంచో వేరే రకం కేసుల మీద ఆసక్తి. పై కోర్టు గడప తొక్కి కూడా అసలు ప్రశ్న విచారణకు రానివి, మధ్యలో రాజీ అయిపోయినవి, వాయిదాల్లోనే కాలం గడిచిపోయినవి. చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసుకునే నాలాంటి వాడికి పెద్ద తీర్పుల కంటే ఇవే ఎక్కువ తగులుతుంటాయి.

వీటిలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది భోపాల్. అదేంటి, భోపాల్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది కదా అంటారు. వెళ్ళింది, కాకపోతే ఏ ప్రశ్న వెళ్ళిందో చూడాలి. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక, అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ వాళ్ళ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది. 1985లో పార్లమెంటు చట్టం చేసి బాధితులందరి తరఫునా దావా వేసే హక్కును కేంద్రం చేతికి ఇచ్చింది, కేంద్రం పోయి న్యూయార్క్‌లో దావా వేసింది. అక్కడ జరిగిన వాదన ఎంత విడ్డూరమంటే, ఇంత పెద్ద కేసు నడిపే శక్తి మా కోర్టులకు లేదని మన ప్రభుత్వమే చెప్పుకుంది, అబ్బే భారత కోర్టులు భేషుగ్గా ఉన్నాయి అక్కడికే పంపండని యూనియన్ కార్బైడ్ వాదించింది! 1986 మేలో న్యూయార్క్ జడ్జి కీనన్ కంపెనీ మాటే నిజమని ఒప్పుకుని కేసు మనకి పంపేశారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఈ తగాదాను విచారణకు తీసుకోలేదు. అంటే భోపాల్‌ని వినకుండా వదిలేసిన అత్యున్నత న్యాయస్థానాల్లో మొదటిది అది, రెండోది మనది.

1986లో భోపాల్ జిల్లా కోర్టులో కొత్తగా దావా పడింది. 330 కోట్ల డాలర్ల దాకా అడిగారు. సాక్ష్యాలు మొదలుకాకముందే, ఊపిరితిత్తులు పాడైపోయిన మనుషులు తీర్పు వచ్చేదాకా ఆగలేరు కాబట్టి, 1987 డిసెంబర్‌లో జిల్లా జడ్జి మధ్యంతరంగా 350 కోట్ల రూపాయలు కట్టమన్నారు, హైకోర్టు దాన్ని 250 కోట్లకు దించింది. ఢిల్లీ దాకా వెళ్ళింది ఈ మధ్యంతర డబ్బు తగాదా ఒక్కటే. అది వింటూ వింటూ 1989 ఫిబ్రవరి 14న ఐదుగురు జడ్జీల బెంచి 47 కోట్ల డాలర్లకు మొత్తం కేసుకే రాజీ కుదిర్చేసింది. అసలు దావా విచారణ జరగనే లేదు. అమెరికాలో ఉన్న మాతృసంస్థ ఇక్కడి ప్లాంటుకి జవాబుదారీయా, ట్యాంకు డిజైన్ ఎవరిది, ఎవరికి ముందే తెలుసు, ఇవేవీ ఏ సివిల్ కోర్టూ సాక్షుల్ని బోనెక్కించి తేల్చలేదు. అంతకుముందే, 1986 డిసెంబర్‌లో, ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో ఇదే సుప్రీంకోర్టు ఒక గట్టి సూత్రం చెప్పింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు నేను అన్ని జాగ్రత్తలూ తీసుకున్నానని చెప్పి తప్పించుకోలేడు, నష్టం జరిగితే పూర్తి బాధ్యత వాడిదే. భోపాల్‌ని మనసులో పెట్టుకునే ఆ మాట అన్నారని అందరూ అనుకున్నారు, తీరా భోపాల్ మీద దాన్ని పరీక్షించే అవకాశాన్ని రాజీ మింగేసింది. 2010లో కేంద్రం ఇంకో 7,844 కోట్లు ఇప్పించమని క్యూరేటివ్ పిటిషన్‌తో, అంటే రివ్యూ కూడా అయిపోయాక మిగిలే ఆఖరి దారిలో వెళ్తే, మోసం జరిగిందని చూపిస్తే తప్ప రాజీని కదపలేమని 2023 మార్చిలో కొట్టేశారు. ఆ ఉత్తర్వులో చట్టపరంగా తప్పుపట్టడానికి నాకేం కనిపించలేదు. తప్పంతా 1989లోనే జరిగిపోయింది. డబ్బు తక్కువ రావడం ఒక అన్యాయం, ఇంకోచోట ఫ్యాక్టరీ పెట్టే కంపెనీకి ముందుగా తెలియాల్సిన సమాధానం రాకుండా పోవడం ఇంకా పెద్దదని నా అభిప్రాయం.

వినకుండా చేయడం కోసమే డబ్బు కట్టిన కేసు కూడా ఒకటుంది, అది అమెరికాలోనే. న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊరి స్కూల్ బోర్డు 1989లో ఒక టీచరు పోస్టు తగ్గించాల్సి వచ్చింది. ఇద్దరు టీచర్లకు సర్వీసు సమానం, అర్హతలూ సమానం అని బోర్డే అంది, సిబ్బందిలో వైవిధ్యం ఉండాలని నల్లజాతి టీచర్‌ని ఉంచి తెల్లజాతి టీచర్‌ని తీసేశారు. ఆమె కోర్టుకెళ్ళి గెలిచింది, 1997లో అక్కడి సుప్రీంకోర్టు కేసు తీసుకుంది. ఈ వాస్తవాల మీద తీర్పొస్తే దేశమంతటా వైవిధ్యం కోసం చేసే నియామకాలకే దెబ్బ తగులుతుందని పౌరహక్కుల సంఘాలకు టెన్షన్ పట్టుకుంది. వాదనలకు కొన్ని వారాల ముందు, 1997 నవంబర్‌లో, 4,33,500 డాలర్లకు రాజీ చేసుకున్నారు, అందులో సుమారు 70 శాతం ఆ సంఘాలే చందాలు పోగేసి కట్టాయి. మంచి కేసు కోసం ఆగుదాం, ఈ కేసులో మాత్రం నోరు తెరవొద్దు అనే లెక్క అది. నాకైతే ఆ తెలివి నచ్చింది. మనవాళ్ళు ఇలా ఆలోచించడం చాలా తక్కువ, ఓడిపోయే కేసుని కూడా పట్టుదల కొద్దీ ఢిల్లీ దాకా ఈడ్చి దేశం మొత్తానికీ చెడ్డ తీర్పు తెచ్చిపెడతాం.

ఇక మన పాలారు. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, కుప్పం ప్రాంతంలో సుమారు 33 కిలోమీటర్లు పారి, వాణియంబాడి దగ్గర తమిళనాడులోకి దిగే ఏరు. కుప్పం మండలం గణేశపురం దగ్గర రిజర్వాయరు కడతామని మన ప్రభుత్వం అనగానే, 2006లో తమిళనాడు నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది, రాష్ట్రాల మధ్య తగాదాలు నేరుగా అక్కడికే తీసుకెళ్ళనిచ్చే రాజ్యాంగం 131వ అధికరణ కింద. చెక్‌డ్యామ్ ఎత్తు పెంచారని 2016లో ఇంకొకటి. తమిళనాడు పట్టుకున్న ఆధారం 1892లో మద్రాసు ప్రెసిడెన్సీకి, మైసూరు రాజ్యానికి మధ్య కుదిరిన ఒప్పందం, పైనున్న మైసూరు కింద ఉన్న మద్రాసు ఒప్పుకోకుండా కొత్త కట్టడాలు కట్టకూడదని అందులో ఉంది. ఇక్కడే నాకు ఆసక్తి. 1892లో కుప్పం ఎక్కడుంది? కంగుంది జమీందారీలో, ఉత్తర ఆర్కాటు జిల్లాలో, అంటే మద్రాసులోనే! ఆ ఒప్పందంలో మనం అడ్డు చెప్పే పక్షం, అనుమతి అడగాల్సిన పక్షం కాదు. రాష్ట్రాలు విడిపోయాక మద్రాసుకి వచ్చిన హక్కు ఎవరికి ఎంత పంచబడింది, ఎగువనున్న ముక్క కాబట్టి మనం మైసూరు స్థానంలోకి వచ్చినట్టా? పైగా 262వ అధికరణ, 1956 జల వివాదాల చట్టం కలిపి చూస్తే నీళ్ళ పంపకం గొడవలు ట్రిబ్యునల్‌కి పోవాలి, ఇది ఒప్పందం అమలు గొడవా, నీళ్ళ గొడవా? న్యాయశాస్త్రం విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం దొరకదు. కానీ 2024 ఫిబ్రవరిలో కుప్పంలో మళ్ళీ రిజర్వాయరు మాట వచ్చేసరికి తమిళనాడు మంత్రి చేసిన అభ్యంతరం కేసు ఇంకా సుప్రీంకోర్టులో ఉందనే. ఈలోపు ఇటు రైతు బోరు మీద బోరు వేస్తున్నాడు, అటు వేలూరు వైపు ఏటిలో వానాకాలం తప్ప ఇసుకే కనిపిస్తుంది.

అమరావతి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కలు. రాజధానిని మార్చే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని 2022 మార్చి 3న హైకోర్టు చెప్పింది, నవంబర్ 28న సుప్రీంకోర్టు పనులకు పెట్టిన గడువుల వరకే స్టే ఇచ్చింది, అసలు ప్రశ్న అలాగే ఉండగా 2024 జూన్‌లో ప్రభుత్వం మారి ఓటర్లే తేల్చేశారు. రేపు ఇంకో రాష్ట్రంలో ఎవరైనా రాజధాని కదిపితే వాళ్ళ లాయర్లు మళ్ళీ మొదటి పేజీ నుంచి వాదించుకోవాల్సిందే.

పై కోర్టు నోరు మెదపకపోతే కింద ఏమవుతుందో తెలుసుకోవాలంటే మా చిత్తూరు నుంచి తమిళనాడులోని కాట్పాడి దాకా వెళ్ళొస్తే చాలు. గంట ప్రయాణం కూడా కాదు. ఒకే కేంద్ర చట్టం మీద మద్రాసు హైకోర్టు ఒక మాట, మన హైకోర్టు ఇంకో మాట అని ఉంటే, రెండూ ఎవరి హద్దులో వాళ్ళకి శాసనమే. విచిత్రమేంటంటే 1954లో ఆంధ్ర హైకోర్టు ఏర్పడక ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు మన కోర్టుల్లో ఇప్పటికీ చెల్లుతాయి, ఆ తర్వాతవి మాత్రం జడ్జిగారికి నచ్చితే నచ్చినట్టు. అందుకే చిత్తూరులో పాత సీనియర్ల బీరువాల్లో మద్రాసు రిపోర్టులు ఇంకా బైండు చేసి ఉంటాయి.

చివరగా మా క్లయింట్లకు రోజూ చెప్పే మాట. "సుప్రీంకోర్టులో కూడా ఓడిపోయినాం సామీ" అని నిరాశగా వస్తారు, కాగితం చూస్తే రెండు లైన్లు, జోక్యానికి కారణం కనిపించలేదు, ఎస్‌ఎల్‌పీ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి అడిగే పిటిషన్) కొట్టేశాం. 136వ అధికరణ కింద అప్పీలు మన హక్కు కాదు, కోర్టు ఇష్టపడి అనుమతి ఇస్తేనే అప్పీలు అవుతుంది. ఆ గడప దగ్గరే ఆపేశారంటే కింది తీర్పు సరైనదని సుప్రీంకోర్టు ముద్ర వేసినట్టు కాదు, 2000లో కున్హయమ్మద్ కేసులో ఈ సంగతి స్పష్టంగా రాశారు. కారణాలు రాసి కొట్టేస్తే వేరు, అందులో చెప్పిన న్యాయసూత్రం దేశమంతటా వర్తిస్తుంది. కారణం రాయకుండా కొట్టేస్తే హైకోర్టులో రివ్యూ, అంటే తన తీర్పుని తనే మళ్ళీ చూసుకోమని అడిగే పిటిషన్, వేసుకునే దారి ఇంకా ఉంటుంది. దానికి గడువు హైకోర్టు తీర్పు వచ్చిన నాటి నుంచి 30 రోజులే, ఢిల్లీ వెళ్ళొచ్చేసరికి అది దాటిపోయి ఉంటుంది కాబట్టి, ఆలస్యాన్ని మన్నించమని దాంతోపాటే ఇంకో పిటిషన్ వేసుకోవాలి.