బ్లాగు థీమ్ ఖాయమైంది: వత్తులు తెగనిదే కావాలి

శ్రీకాకుళం జిల్లా పాత గుళ్లు, బౌద్ధ స్థలాల మీద రాస్తున్న నా బ్లాగును సొంత సర్వర్‌కి మార్చే పని థీమ్ (పేజీల రూపురేఖలు) దాకా వచ్చింది. వర్డ్‌ప్రెస్ వద్దనుకున్నాను. నాది 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న అద్దె సర్వర్. దాని మీద వర్డ్‌ప్రెస్‌కు కావాల్సిన పీహెచ్‌పీ, డేటాబేస్ నడుపుతూ ప్లగిన్ల అప్‌డేట్లు చూసుకోవడం కంటే ఆ టైములో ఇంకో వ్యాసం రాసుకోవచ్చు. అందుకే హ్యూగో అనే సాధనం తీసుకున్నాను. మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో రాసింది హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి ఇస్తుంది, వాటిని సర్వర్లో పెడితే చాలు.

థీమ్‌ల డెమోలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, అన్నీ అందంగానే కనిపిస్తాయి. వాటిని నమ్మకుండా ఒక పరీక్ష పేజీ తయారుచేసుకున్నాను. అందులో శ్రీకూర్మం, రాష్ట్రకూటులు, వైశిష్ట్యం లాంటి మాటలు, రెండు లైన్ల శీర్షిక, ఒక కొటేషన్, శాలిహుండం ఫొటో ఉన్నాయి. ఏ థీమ్ దింపినా ముందు ఈ పేజీని అందులో పెట్టి ఫోన్లో చూశాను.

బాగా నచ్చిన ఒక థీమ్‌లో శీర్షికల లైన్ హైట్ (లైన్‌కీ లైన్‌కీ మధ్య దూరం) అక్షరాల సైజుకు 1.2 రెట్లు ఉంది. ఇంగ్లీషుకు సరిపోతుంది గానీ, పై లైన్లో ‘ష్ట్ర’ కింద వేలాడే వత్తు కింది లైన్లోని గుడి గుర్తు (ి) మీద పడుతోంది. మా చిన్నాన్నకు చూపిస్తే, “అక్షరాల కింద ఎవరో కత్తిరేసినట్టుందిరా” అన్నారు. శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.8 ఇచ్చాక సర్దుకుంది. ఇంకో థీమ్ కొటేషన్లన్నీ ఇటాలిక్‌లో చూపిస్తుంది. తెలుగు ఫాంట్లలో సాధారణంగా ఇటాలిక్ ఉండదు కాబట్టి, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా పక్కకి ఒరగదీస్తుంది. చదవలేం. జావాస్క్రిప్ట్ లేకపోతే ఖాళీ పేజీ చూపించేవాటిని వెంటనే పక్కన పెట్టేశాను. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం, అక్కడివాళ్లూ చదవాలి కదా.

చివరికి బొమ్మల హడావుడి లేని, ఒకే కాలమ్ ఉన్న థీమ్ తీసుకున్నాను. థీమ్ ఫైళ్లు మాత్రం ముట్టుకోలేదు. మార్చాల్సిన ఫైలును అదే పేరుతో నా లేఅవుట్స్ ఫోల్డర్లో పెడితే హ్యూగో దాన్నే ముందు తీసుకుంటుంది. రేపు థీమ్ అప్‌డేట్ చేసినా నా మార్పులు పోవు. ‘రీడ్ మోర్’ లాంటి మాటలకు తెలుగు అనువాద ఫైలు రాసుకున్నాను.

వ్యాసానికి నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకు గిడుగు ఫాంట్. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. మన జిల్లా బ్లాగు మీద ఆయన పేరున్న ఫాంట్ ఉండాలని గట్టిగా అనిపించింది. అయితే అది పెద్ద సైజులో నిండుగా ఉంటుంది గానీ, పేరాలకు నోటోనే హాయి. రెండు ఫాంట్లూ నా సర్వర్ నుంచే వస్తాయి.

లింకుల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. చిరునామాలో తెలుగు పెడితే, కాపీ చేసినప్పుడు తరచూ శాతం గుర్తుల వరసగా మారిపోతుంది. అలా మారినప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు 9 క్యారెక్టర్లు అవుతాయి. గుణింతం, పొల్లు, సున్నా కూడా విడి గుర్తులే, అంటే ‘శ్రీముఖలింగం’ ఒక్కటే 108! వాట్సాప్‌లో అలాంటి లింకు చూసి జనం భయపడతారు. అందుకే ప్రతి వ్యాసానికి ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న స్లగ్ (చిరునామా చివర వచ్చే పేరు) ఇస్తున్నాను.

ఇక ఫొటోలు మిగిలాయి. కెమెరా నుంచి వచ్చినవి మరీ పెద్ద ఫైళ్లు. హ్యూగోతోనే 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చే పని ముఖలింగం ఆల్బమ్‌తో మొదలుపెట్టాను.